సింపుల్ సంసారం, ఉతుకుడు పద్దు

చిన్నపిల్లలున్న సంసారాన్ని సింపుల్‌గా ఎలా నడపాలో ఈమధ్య చాలామంది వీడియోల్లో చెబుతున్నారు. చెప్పేవాళ్ళలో సగంమందికి పిల్లలు లేరు, ఉన్నవాళ్ళకి ఆయా ఉంది. వాళ్ళ మాట ప్రకారం సింపుల్ జీవితానికి కావలసిన సామగ్రి ఇదీ: గోడలకి మజ్జిగ రంగు, కర్టెన్లకి అదే రంగు, పిల్లాడి చొక్కాకి అదే రంగు, వీలైతే పిల్లాడు కూడా అదే రంగు. నేల మీద వెదురు చాప, చాప మీద చెక్క గుర్రం. గుర్రం ఒక్కటే ఉండాలట. రెండోది ఉంటే పిల్లాడి మనసు చెదిరిపోతుందట. ఆ ఒక్క గుర్రం ధర చూసి నా మనసు చెదిరింది గానీ, దాని గురించి ఆ వీడియోలో ఏమీ చెప్పలేదు. వంటగట్టు మీద గరిటె ఉండకూడదు, నూనె సీసా ఉండకూడదు, పోపుల డబ్బా అసలే ఉండకూడదు. పొడుగాటి గాజు సీసాలో కందిపప్పు మాత్రం ఉండొచ్చు. వండుకోవడానికని కాదు, గోడకి రంగు కుదిరిందని.

ఇదంతా జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో, కుక్కర్ కూతల మధ్య, ఫోన్లో చూస్తున్నాను. కంపెనీ పేరు 2003లోనే టాటా మోటార్స్ అయిపోయింది, కాలనీ మాత్రం ఇంకా టెల్కోయే. ఇక్కడ ఎవరూ దేన్నీ అంత తొందరగా వదిలిపెట్టరు. మాది కంపెనీ క్వార్టరు. గోడల రంగు కంపెనీ ఎంచింది, నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా ఉన్న రంగులు పిల్లలు ఎంచారు. వరండాలో సైకిలు, దాని హ్యాండిల్‌కి స్కూలు సంచి, సంచికి ఆరేసిన సాక్సు. వానాకాలంలో దల్మా కొండల మీంచి మబ్బు దిగిందంటే మూడు రోజులకి గానీ ఆరని సాక్సు. ఇంత సామాను ఇంత చిన్న ఇంట్లో పట్టించడానికి కావలసిన తెలివి ఏ వీడియోలోనూ లేదు.

చెక్క గుర్రం అమ్మేవాళ్ళు ఒక పెద్దావిడ పేరు అరువు తెచ్చుకుంటారు. మరియా మాంటిస్సోరి. ఆవిడ మొదటి బడి 1907 జనవరిలో రోము నగరంలో శాన్ లోరెంజో అనే పేదవాడలో మొదలైంది. తల్లిదండ్రులు పనికి పోతే మిగిలిన పిల్లలు మెట్ల మీద పరుగులు పెట్టి గోడలు పాడుచేస్తున్నారు. ఆ భవనాల యజమానులు మరమ్మతు ఖర్చు తప్పుతుందని పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాటు చేసి, డాక్టరమ్మని పిలిచారు. అంటే ఆ విద్యావిధానానికి మూలం గీతలు పడ్డ గోడ. అదే ఏడాది ఆగస్టులో టాటా వాళ్ళు ఉక్కు కంపెనీ రిజిస్టరు చేశారు. ఆ కంపెనీయే తర్వాత ఈ ఊరిని పుట్టించింది. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం అడ్డం పడడంతో 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు. ఇన్నేళ్ళు మన మధ్య మసిలిన మనిషి చివరికి మనకి మిగిల్చింది ఏమిటయ్యా అంటే, పనివాళ్ళ పిల్లల కోసం పుట్టిన బొమ్మని పనివాళ్ళు కొనలేని ధరకి అమ్ముకునే సౌకర్యం. ఆవిడ తప్పేమీ లేదు పాపం.

చెక్క బొమ్మలే కావాలంటే మాకు లేకనా? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఈ టాటా ఊరికి పని కోసం వచ్చిన కుటుంబాల్లో లక్కపిడతలు లేని ట్రంకుపెట్టె ఉండదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని చక్రం మీద తిప్పి, లక్క రంగులు అద్ది చేస్తారు. పొయ్యి, పెనం, చెంబు, తిరగలి, అన్నీ బొటనవేలంత. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల నుంచీ విత్తనాల నుంచీ తీసే రంగుల్ని మళ్ళీ వాడకంలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. సింపుల్ వాళ్ళు అడిగే గుణాలన్నీ ఉన్నాయి వాటిలో. ఒక్కటే లోపం. ఎర్రగా, పచ్చగా, పసుపుగా ఉంటాయి. మజ్జిగ గోడ ముందు ఫోటోకి నప్పవు. మా చిన్నది మాత్రం ఆ పిడతలో వరండా మట్టి పోసి, "మమ్మీ, హమ్ బిర్యానీ బనాయే హైఁ" అంటుంది. ఈ ఊరి పిల్లలు తమని తాము 'హమ్', అంటే 'మేము' అనే చెప్పుకుంటారు. పిడికెడు మట్టి వండిన మనిషికి ఆ మాత్రం గౌరవ బహువచనం ఉండాలి కూడా.

2019వ సంవత్సరం సింపుల్ జీవితానికి బాగా కలిసొచ్చిన సంవత్సరం.

ఆ ఏడాది జనవరి 1న నెట్‌ఫ్లిక్స్‌లో మేరీ కోండో అనే జపాన్ ఆవిడ ఇళ్ళు సర్దే కార్యక్రమం మొదలైంది. ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకోవాలి. ఆనందం కలిగితే ఉంచాలి, కలక్కపోతే దానికి కృతజ్ఞత చెప్పి పంపెయ్యాలి. ప్రపంచం ఊగిపోయింది. నేనూ ప్రెషర్ కుక్కర్‌ని చేతిలోకి తీసుకుని చూశాను. ఆనందం కలగలేదు, గ్యాస్కెట్ ఎన్నాళ్ళు వస్తుందో అన్న దిగులు కలిగింది. పిల్లాడి జ్వరం కొలిచే థర్మామీటరు, స్కూలు ఫీజు రసీదుల ఫైలు, దోమతెర. ఒక్కటీ ఆనందం ఇవ్వలేదు, ఒక్కటీ పారేసే వీల్లేదు. మా అత్తయ్యగారి స్టీలు డబ్బా ఒకటి మూత పట్టక అటక మీద పడి ఉంటే తీసి, "అత్తయ్యగారూ, దీన్ని చూస్తే మీకు ఆనందంగా ఉందా?" అని అడిగాను. ఆవిడ డబ్బా తిప్పి అడుగున చుక్కలతో చెక్కిన అక్షరాలు చూపించారు. "ఆనందం ఎవడిక్కావాలే అమ్మా, మీ మావయ్యగారి పేరుంది చూడు. మొదటి బోనసుది" అన్నారు. డబ్బా మళ్ళీ అటకెక్కింది.

అదే 2019 ఆగస్టులో బండ్ల గిరాకీ పడిపోయి ఇక్కడి ట్రక్కుల కర్మాగారంలో బ్లాక్ క్లోజర్లు వచ్చాయి. అంటే లైను కొన్ని రోజుల పాటు మొత్తం ఆపెయ్యడం. పర్మినెంటు వాళ్ళ సంగతి సరే, బై-సిక్స్ అని ఇక్కడ పిలిచే తాత్కాలిక పనివాళ్ళు ఇళ్ళలో కూర్చున్నారు. విడిభాగాలు చేసే ఆదిత్యపూర్ చిన్న ఫ్యాక్టరీలకి ఆర్డర్లు లేవు. పని ఆగిన ఇళ్ళలో సింపుల్ జీవితం ఏ జపాన్ ఆవిడా చెప్పకుండానే అమల్లోకి వచ్చింది. వంటగట్టు మీద గరిటె తప్ప ఏమీ లేదు. పిల్లలకి ఉన్న బొమ్మలే బొమ్మలు, కొత్తది మనసు చెదరగొట్టే ప్రమాదం లేదు. ఆశ్చర్యం ఏమిటంటే ఒక్క కెమెరా కూడా అటు రాలేదు.

ఇదే నా తగాదా. తక్కువ సామానుతో బతకడం మీద నాకు కోపం లేదు, ఎక్కువ సామాను కొనే స్తోమత కూడా లేదు. అటక ఖాళీ చెయ్యడాన్ని ఆధ్యాత్మిక విజయంగా చెబుతున్నారు చూశారూ, అది ఒళ్ళు మండిస్తుంది. పారెయ్యగలిగినవాడికి రేపు మళ్ళీ కొనుక్కోగలనన్న ధీమా ఉంటుంది. ఆ ధీమా నెలనెలా బ్యాంకులో పడే జీతం వల్ల వస్తుంది. చొక్కాలు నిలువుగా మడతపెట్టడం వల్ల రాదు. బై-సిక్స్ ఇంట్లో పాత కుక్కర్, విరిగిన ఫ్యాను రెక్క, పెద్దాడి బూట్లు దాచి ఉంచారంటే అది మనసులో చెత్త పేరుకోవడం కాదు. అది వాళ్ళ బీమా పాలసీ. మాకు అసలైన సర్దుడు గురువు కబాడీవాలా. వీధిలో కేక వేస్తూ వస్తాడు, నీ పాత పేపర్లు నీకు ఆనందం ఇచ్చాయా లేదా అడగడు, తూకం వేసి డబ్బిస్తాడు. కృతజ్ఞత చెప్పుకోవడం ఆయన పద్ధతిలోనూ ఉంది, కాకపోతే చేతికి నోటు వచ్చాక.

ఆ మేరీ కోండోయే మూడో బిడ్డ పుట్టాక, 2023 జనవరిలో, ఇల్లు సర్దడం దాదాపు వదిలేశానని పైకే చెప్పింది. పిల్లలతో గడపడమే ఇప్పుడు ముఖ్యమంది. ఆవిడ మీద గౌరవం ఆ రోజే పుట్టింది నాకు. ఆ మాట ముగ్గురు పిల్లల తల్లులు ఎన్ని తరాలుగా చెబుతున్నారో! వాళ్ళు చెబితే బద్ధకం, ఆవిడ చెబితే అంతర్జాతీయ వార్త.

2019 సంగతి ఇంకా అయిపోలేదు. ఆ ఏడాది జనవరి నుంచి డిసెంబరు దాకా కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు. మగవాళ్ళు 97. ఆ 97 చూసి మురిసిపోకండి, అది చేసేవాళ్ళ సగటు. చేసేవాళ్ళు నూటికి 26 మంది. మిగతావాళ్ళు అప్పుడే సంపూర్ణ సింపుల్ జీవితంలో ఉన్నారు.

మా ఆయన ఆ 26 మందిలో లెక్కే. పిల్లలకి స్నానాలు పోస్తారు, ఆదివారం కూరగాయలు తెస్తారు, అడిగితే కొబ్బరి కోరతారు. అడగాలి. ఆయనకి అలవాటైన వాక్యం ఒకటుంది: "ఎందుకు శ్రమ, సింపుల్‌గా పప్పుచారు చేసెయ్." ఈ వాక్యంలో ప్రేమ ఉంది, నేను కాదనను. పప్పుచారు అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి కదా. కందిపప్పు కడిగి నానేసి ఉడకబెట్టాలి. ఈలోగా చింతపండు నానాలి, పిసకాలి, పిప్పి తియ్యాలి. ములక్కాడ, ఉల్లిపాయ, సొరకాయ ముక్కలు పులుసులో ఉడకాలి. బెల్లం చిన్న ముక్క, అది ఎక్కువైతే అత్తయ్యగారు, తక్కువైతే మా ఆయన. పోపులో ఇంగువ మాడకూడదు. పెద్దవాడు ములక్కాడ తినడు కాబట్టి వాడికి అవి ఏరి పెట్టాలి, చిన్నది కారం తినదు కాబట్టి దానికి పోపుకి ముందే కొంచెం తీసి ఉంచాలి. ఒట్టి పప్పుచారుతో ముద్ద దిగదు కాబట్టి పక్కన అప్పడాలో వడియాలో వేయించాలి. అప్పడాల చప్పుడు విని, "సింపుల్‌గా చెయ్యమంటే ఇవన్నీ ఎందుకు పెట్టుకున్నావ్?" అంటారు. ఆయన ఉదయం షిఫ్టులో ఉన్న వారమైతే ఇదంతా తెల్లారకముందే. డబ్బాలో సింపుల్‌గా పెట్టెయ్యాలి కదా మరి.

ఇంకో తెగ ఉంది. సాయంత్రం హుడ్కో చెరువు చుట్టూ నడక ముగించుకుని బెంచీల మీద కూర్చునే రిటైర్డు బాబాయిలు. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడమ్మా! ఒక్క జీతం, నలుగురు పిల్లలు, రెండు గదులు. ఎంత సింపుల్‌గా పెంచాం!" పెంచింది ఎవరో అడిగితే బాగుండదు కాబట్టి అడగను. పిన్నిగారు పక్కనే కూర్చుని చెరువు వైపు చూస్తుంటారు. ఆవిడ మోకాళ్ళ సంగతి మాత్రం నాకు తెలుసు.

బాబాయిగారి మాటలో ఒక నిజం ఉంది, ఆయనకే కనపడనిది. జంషెట్జీ టాటా 1902లో, ఊరు పుట్టకముందే, కొడుక్కి ఉత్తరం రాస్తూ వీధులు వెడల్పుగా ఉండాలి, నీడ త్వరగా ఇచ్చే చెట్లు నాటాలి, తోటలకీ ఫుట్‌బాల్ హాకీ మైదానాలకీ చోటు వదలాలి, గుళ్ళకీ మసీదులకీ చర్చిలకీ స్థలం ఉంచాలి అన్నాడు. 1904లో పోయాడు, ఒక్క చెట్టూ చూడలేదు. 1945లో టెల్కో రైలింజన్లు చెయ్యడానికి మొదలై, 1954 నుంచి జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి ట్రక్కులు చేసింది. దాని పక్కన పెరిగిన ఈ కాలనీలో నీళ్ళు, కరెంటు, ఆసుపత్రి, నడిచి వెళ్ళే దూరంలో బడి, పిల్లలు పడినా దెబ్బ తగలని మైదానం అన్నీ క్వార్టరుతో పాటే వచ్చాయి. బాబాయిగారి ఇంట్లో బొమ్మలు తక్కువంటే బయట మైదానం ఉంది. అప్పు తక్కువంటే డాక్టరు బిల్లు లేదు. పక్కింటి ఒడియా ఆంటీ, ఎదురింటి బెంగాలీ బౌదీ, వెనకింటి బిహారీ భాభీ, పిల్లలు ఎవరింట్లో అన్నం తిన్నారో రాత్రికి గానీ తేలదు. ఇదంతా వెనక నిలబడితే ఎవరైనా సింపుల్‌గా బతకగలరు. ఆ వెనకదాన్ని లెక్కలోంచి తీసేసి, మిగిలినదాన్ని తన వ్యక్తిత్వం అనుకుంటాడు మనిషి.

కాలనీ గోడ దాటితే బిర్సానగర్ బస్తీ. ఈ ఊళ్ళో 86 బస్తీలని ఒక లెక్క ఉంది, ఉంటున్న నేల మీద హక్కు ఇమ్మని అడగడమే అక్కడి రాజకీయం, ప్రతి ఎన్నికలోనూ. మన ఖాళీ గదుల్ని తుడిచే దీదీలు అక్కణ్ణుంచే వస్తారు. మజ్జిగ రంగు నేల మీద మరక పడితే కనిపిస్తుంది కాబట్టి రెండుసార్లు తుడవాలి. ఆ రెండో తుడుపు దీదీది. ఆ పూట దీదీ పిల్లల్ని ఎవరు చూస్తున్నారో ఏ సింపుల్ వీడియో అడగదు.

సింపుల్ జీవితం వెనకున్న చాకిరీని లెక్కలోంచి తీసెయ్యడం కొత్త జబ్బేమీ కాదు. గాంధీగారిని పేదరికంలో ఉంచడానికి ఎంత ఖర్చవుతోందో అని సరోజినీ నాయుడు చమత్కరించినట్టు చెప్పుకుంటారు. సింపుల్ జీవితానికి ప్రపంచంలో మూలపురుషుడనిపించుకున్న అమెరికా ఆయన హెన్రీ థోరో 1845లో వాల్డెన్ చెరువు ఒడ్డున గుడిసె వేసుకున్నాడు. 1854లో దాని మీద పుస్తకం వేశాడు. పద్దులు భలే రాశాడు ఆయన. ఇంటికి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు, మేకులకెంత, సున్నానికెంత, అన్నీ అణా పైసలతో. తిండి ఖర్చు కూడా రాశాడు. ఆ పద్దు కింద ఒక మాట ఉంది: బట్టలు ఉతకడం, చిరుగులు కుట్టడం చాలామటుకు బయట జరిగాయి, వాటి బిల్లు ఇంకా అందలేదట. ఉతికింది వాళ్ళమ్మే అని కొందరు, కాదు అని కొందరు, అక్కడి పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నేను పండితురాల్ని కాదు గానీ, బిల్లు అందకపోవడం ఒక్కటి చాలు నాకు. డబ్బు తీసుకుని ఉతికేవాళ్ళు బిల్లు పంపడం మర్చిపోరు. పంపనివాళ్ళు ఎవరో ఏ ఇంట్లోనైనా కనుక్కోవచ్చు.

ఇంతకీ వచ్చే ఆదివారం మా చిన్నదాని పుట్టినరోజు. హాలు వద్దు, క్యాటరింగ్ వద్దు, ఆడంబరాలు మనకెందుకు, ఇంట్లోనే సింపుల్‌గా చేసుకుందాం అన్నారు మా ఆయన. ఫ్యాక్టరీలో ఆయన షాపు వాళ్ళు ఒక పాతికమంది, బిస్టుపూర్ నుంచి మా ఆడపడుచు వాళ్ళు, కాలనీ పిల్లలు. పులిహోర, గారెలు, పూరీలు, పాయసం, అంతే, సింపుల్. అత్తయ్యగారు నా మొహం వంక చూశారు. నేను చాలా బాగుందన్నాను. వంట మీరు, గారెల పిండి రుబ్బడం మీ తమ్ముడు, గిన్నెలు తోమడం మీ షాపు స్నేహితులు, నేను చిన్నదాని పక్కన కూర్చుని లక్కపిడతల బిర్యానీ తింటాను అన్నాను. అత్తయ్యగారు వెంటనే, "నాక్కూడా పక్కనే కుర్చీ వెయ్యండ్రా" అన్నారు.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగాక ఆయన ఇంటికి ఆలస్యంగా వచ్చారు. ఖడంగాఝార్ మార్కెట్లో క్యాటరర్లని వాకబు చేసి వచ్చారట. ప్లేటుకి ఎంతో చెప్పి, మన సింపుల్ లెక్కకి కొంచెం ఎక్కువే పడుతుంది, ఏమంటావ్ అని అడిగారు. బిల్లు తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దన్నాను.